మల్టీవేరియబుల్ కాల్క్యులస్ అర్థం కావాలంటే: ఒక బంగాళాదుంపతో మొదలుపెట్టండి

"మేడమ్, పార్షియల్ డెరివేటివ్స్ లెక్క చేయడం వచ్చు. కానీ అదేంటో మాత్రం తెలీదు." బీటెక్ మొదటి ఏడాది పిల్లల దగ్గర ఏటా ఈ మాట వింటాను. విజయవాడలో పదేళ్ళకు పైగా లెక్కలు చెబుతున్నాను. ఈ మాట అన్నవాళ్ళలో 70కి 55 తెచ్చుకున్న పిల్లలూ ఉన్నారు. డో ఎఫ్ బై డో ఎక్స్ చకచకా చేసేస్తారు. "జవాబు 3 వచ్చింది కదమ్మా, ఆ 3 దేన్ని చెబుతోంది?" అని అడిగితే మాత్రం తల దించుకుంటారు.

తప్పు పిల్లలది కాదు. ఇంటర్‌లో డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ అంతా ఒకే వేరియబుల్‌తో నడుస్తుంది. అక్కడ గ్రాఫ్ అంటే కాగితం మీద ఒక గీత, చేత్తో గీసేయొచ్చు. బీటెక్‌లో రెండు వేరియబుల్స్ దగ్గరికి వచ్చేసరికి గ్రాఫ్ ఒక ఉపరితలం అవుతుంది. అది కాగితం మీద పట్టదు, బోర్డు మీద సరిగ్గా రాదు. కాబట్టి బొమ్మ వదిలేసి సూత్రాలు పట్టుకుంటారు. నేను చెప్పే పద్ధతి ఆ బొమ్మను మళ్ళీ చేతికి ఇస్తుంది. ఒక్కో పిల్లవాడికీ విడిగా చెప్పేదాన్ని ఇక్కడ ఒకేచోట రాస్తున్నాను.

అక్షరాల గురించి ఒక మాట. ఎక్స్, వై, జెడ్ అని తెలుగులోనే రాస్తున్నాను. నోట్‌బుక్‌లో మీరు మామూలు గుర్తులే వాడండి.

కావలసినవి

- కోలగా ఉన్న పెద్ద బంగాళాదుంప ఒకటి. కనీసం 10 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. చిన్నదైతే ముక్కలు చాలవు.
- పదునైన చాకు, రెండు టూత్‌పిక్‌లు, స్కేలు, తుడుచుకోడానికి పొడి గుడ్డ.
- సెంటీమీటరు గ్రాఫ్ కాగితాలు నాలుగైదు, రెండు రంగుల పెన్నులు.
- ఫోనులో జియోజెబ్రా 3డి, గ్రాఫులు గీసి చూపించే యాప్. ఉచితంగానే వస్తుంది. కానీ మొదటి రోజు దాన్ని తెరవకండి, ఎందుకో కింద చెబుతాను.
- మీ సిలబస్ పుస్తకం ఏదైనా సరే. కొత్తది కొనే స్తోమత లేకపోతే విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో దొరికేదీ పనికొస్తుంది. ఈ పాఠాల్లో పాత ఎడిషన్, కొత్త ఎడిషన్ అని పెద్ద తేడా ఉండదు.
- మూడు సాయంత్రాలు. ఒక్క రాత్రిలో అయ్యే పని కాదిది.

హాస్టల్లో చాకు వాడనివ్వకపోతే పిల్లలు ఆడుకునే క్లే కొనుక్కోండి. దాన్ని కొండలా చేసి, దారం బిగించి లాగితే చక్కగా తెగుతుంది.

1. దుంపను మ్యాపుగా మార్చండి

దుంపను పొడుగునా రెండు చెక్కలుగా కోయండి. ఒక చెక్కను గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి, దానితో మూడో మెట్టులో పని ఉంది. చేతిలో మిగిలిన చెక్కను చదును వైపు కిందికి వచ్చేలా బోర్లించండి. ఇదే మీ కొండ. కింద ఉన్న బల్ల ఎక్స్-వై తలం. బల్ల మీద ఏ చోటు చూపించినా దాని మీద దుంప ఎంత ఎత్తు ఉందో, అదే ఆ చోట ఎఫ్ విలువ. రెండు వేరియబుల్స్ ఉన్న ఫంక్షన్ అంటే ఇంతకు మించి ఏమీ లేదు.

ఇప్పుడు రెండు టూత్‌పిక్‌లను పైనుంచి నిలువుగా, ఒకదానికొకటి కాస్త దూరంగా, అడుగు దాకా గుచ్చి బయటికి లాగేయండి. ఆ రంధ్రాలే తర్వాత దారి చూపిస్తాయి. తర్వాత దుంప చుట్టూ అర సెంటీమీటరుకు ఒక చుక్క పెట్టుకుని, ఆ చుక్కల వెంబడి అడ్డంగా, బల్లకు సమాంతరంగా ముక్కలు కోయండి. ఐదారు ముక్కలు వస్తాయి.

అన్నిటికన్నా కింది ముక్కను తుడిచి గ్రాఫ్ కాగితం మీద పెట్టి, చుట్టూ గీత గీయండి. రంధ్రాల్లోంచి టూత్‌పిక్ గుచ్చి కాగితం మీద రెండు గుర్తులు పెట్టుకోండి. తర్వాతి ముక్కను సరిగ్గా ఆ రెండు గుర్తుల మీదే రంధ్రాలు వచ్చేలా పెట్టి గీయండి. ఇలా పైదాకా. ఒక్కో గీత పక్కన దాని ఎత్తు రాయండి: 0, 0.5, 1, 1.5.

జాగ్రత్త: ప్రతి ముక్కకూ కింది ముఖం చుట్టూనే గీయాలి. ఒక ముక్కకు కింది ముఖం, ఇంకోదానికి పై ముఖం గీస్తే ఎత్తులు తారుమారవుతాయి. మా పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. ఇంకొకటి, రంధ్రాలు చూసుకోకుండా "సుమారుగా మధ్యలో" పెట్టి గీసేవాళ్ళు. అలా చేస్తే ప్రతి కొండా గుండ్రటి ఇడ్లీలా వస్తుంది, అసలు ఆకారం పోతుంది.

మీ కాగితం మీద ఉన్నవే లెవెల్ కర్వ్స్, అంటే కాంటూరు గీతలు. సరిగ్గా వచ్చాయో లేదో చూడటానికి రెండు పరీక్షలు: ఏ రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటకూడదు, ఒకే చోట రెండు ఎత్తులు ఉండవు కదా. ఇక దుంపలో ఏ వైపు నిటారుగా ఉందో కాగితం మీద ఆ వైపు గీతలు దగ్గరదగ్గరగా ఉండాలి.

ఒక సాయంత్రం ఒకమ్మాయి గీసిన కాగితం మీద మొద్దుగా ఉన్న కొన దగ్గర వేలు పెట్టి ఆగిపోయింది. మూడు గీతలు దాదాపు అంటుకుని ఉన్నాయి. ముక్కలన్నీ మళ్ళీ ఒకదాని మీద ఒకటి పేర్చి, అదే చోట వేలితో పైనుంచి కిందికి రాసి చూసింది. "ఇక్కడ వేలు జారిపోతోంది మేడమ్, అందుకే గీతలు దగ్గరికొచ్చాయి" అంది. అప్పటికి గ్రేడియెంట్ అన్న మాట నేనింకా చెప్పనేలేదు.

2. ఆ కళ్ళతోనే ఒక నిజమైన కొండను చూడండి

ఇంటర్నెట్లో ఉన్న ఓపెన్‌టోపోమ్యాప్‌లో మంగళగిరి కొండనో, ఇంద్రకీలాద్రినో తీయండి. గోధుమరంగు సన్నటి గీతలు కనిపిస్తాయి. అవి మీరు దుంపతో గీసినవే. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలు మ్యాపుల్లో మామూలుగా ఒక గీతకూ పక్క గీతకూ ఎత్తులో తేడా 20 మీటర్లు ఉంటుంది.

అమ్మవారి గుడికి మెట్ల దారి ఉంది, ఘాట్ రోడ్డూ ఉంది. రెండూ కింద నుంచి పైకే తీసుకెళతాయి, ఎక్కే ఎత్తు దాదాపు ఒకటే. మెట్లు కాంటూరు గీతలను దాదాపు అడ్డంగా కోసుకుంటూ పోతాయి, అందుకే మోకాళ్ళు పట్టేస్తాయి. ఘాట్ రోడ్డు గీతలను ఏటవాలుగా, నెమ్మదిగా దాటుతుంది. ఒకే కొండ మీద, ఒకే చోట నిలబడినా, ఏ దిక్కుకు అడుగు వేస్తే వాలు ఎంత అన్నది మారుతుంది. ఒక్క వేరియబుల్ ఉన్నప్పుడు "ఇక్కడ వాలు ఎంత?" అని అడిగితే సరిపోయేది. ఇప్పుడు "ఎటు వైపు?" అని కూడా అడగాలి. ఈ పేపర్ మొత్తంలో కొత్త విషయం ఇదొక్కటే అని నేను నమ్ముతాను. మిగిలినవన్నీ దీని వెనకాలే వస్తాయి.

3. రెండో చెక్కను నిలువుగా కోయండి

దాచిన చెక్కను బోర్లించి, పొడుగు వైపును ఎక్స్ అనుకోండి. పొడుగుకు సమాంతరంగా నిలువు ముక్కలు కోయండి. ఒక ముక్కను చేతిలోకి తీసుకుని దాని ముఖం చూడండి. పైన ఒక వంపు కనిపిస్తుంది. అది ఇంటర్‌లో మీరు చూసిన మామూలు గ్రాఫే.

ఈ ముక్క మీద మీరు ఎక్కడ వేలు పెట్టినా వై ఒక్కటే, మారదు. "వైను కాన్‌స్టెంట్‌గా ఉంచి ఎక్స్‌తో డిఫరెన్షియేట్ చేయండి" అని పుస్తకం చెప్పేది దీన్నే: ఈ ముక్క దాటి బయటికి పోవద్దు అని. ఆ వంపుకు ఆ చోట ఉన్న వాలే డో ఎఫ్ బై డో ఎక్స్. దుంపను అడ్డంగా, అంటే వై దిక్కున కోసి ఉంటే వచ్చే ముక్క మీది వాలు డో ఎఫ్ బై డో వై.

ఇక మిక్స్‌డ్ పార్షియల్. ఒక ముక్కలో ఎక్స్ = 4 దగ్గర వాలు చూడండి. పక్క ముక్కలో అదే ఎక్స్ = 4 దగ్గర చూడండి. ముక్క మారేసరికి ఆ వాలు ఎంత మారిందో, అదే మిక్స్‌డ్ పార్షియల్ చెబుతుంది. దీన్ని "రెండుసార్లు డిఫరెన్షియేట్ చేయడం" అని మాత్రమే గుర్తుపెట్టుకుంటే ఆరో మెట్టులో దెబ్బతింటారు.

ఇక్కడి నుంచి ఒక అలవాటు చేసుకోండి. ప్రతి జవాబు కింద ఒక వాక్యం తెలుగులో రాయండి. "తూర్పుకు ఒక మీటరు జరిగితే ఎత్తు 0.6 మీటరు పెరుగుతుంది" అన్నట్టు. ఎగ్జామ్ ఇంగ్లీషులో రాసినా ఆలోచన ఇంట్లో మాట్లాడే భాషలో సాగితే గట్టిపడుతుంది. ఆ వాక్యం రాయలేకపోతే లెక్క వచ్చినట్టు కాదు. యూనిట్లు తప్పకుండా రాయాలి.

జాగ్రత్త: ఒక్క వేరియబుల్ లెక్కల్లో డీవై బై డీఎక్స్‌ను తిరగేస్తే డీఎక్స్ బై డీవై వచ్చేది. ఇక్కడ ఆ అలవాటు మానుకోండి. పోలార్ కోఆర్డినేట్స్‌లో (మధ్య నుంచి దూరం ఆర్, కోణం తీటా) ఎక్స్ = ఆర్ కాస్ తీటా తీసుకుంటే డో ఎక్స్ బై డో ఆర్ విలువ కాస్ తీటా. మరి డో ఆర్ బై డో ఎక్స్? తిరగేసి 1 బై కాస్ తీటా అని రాస్తే తప్పు. ఆర్ = √(ఎక్స్² + వై²) నుంచి చేసి చూడండి, ఎక్స్ బై ఆర్ వస్తుంది, అది మళ్ళీ కాస్ తీటానే. ఎందుకంటే మొదటి దాంట్లో కదలకుండా ఉన్నది తీటా, రెండో దాంట్లో కదలకుండా ఉన్నది వై. రెండూ వేర్వేరు ముక్కల మీద వాలులు. ఏది కదలకుండా ఉందో మార్జిన్లో రాసుకుంటే ఈ పొరపాటు రాదు.

4. గ్రేడియెంట్‌ను స్కేలుతో కొలవండి

మొదటి కాగితం మళ్ళీ తీయండి. ఎత్తు 1 అని రాసిన గీత మీద ఒక చుక్క పెట్టండి. అక్కడి నుంచి ఎక్స్ దిక్కున ఎంత దూరం పోతే 1.5 గీత తగులుతుందో కొలవండి. నా కాగితం మీద 0.8 సెంటీమీటరు వచ్చింది. కాబట్టి ఆ వైపు వాలు 0.5 ÷ 0.8 = 0.625. వై దిక్కున 2 సెంటీమీటర్లు పోవాల్సి వచ్చింది, వాలు 0.25. ఈ రెండు అంకెల జతే (0.625, 0.25), అదే గ్రేడియెంట్.

దాని పొడవు √(0.625² + 0.25²), సుమారు 0.673. ఇది ఆ చోట ఉన్న అన్ని వాలుల్లోకీ పెద్దది. అది నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు. అన్నిటికన్నా నిటారు దారి 0.673 వాలుతో పోతే, 1.5 గీతను అందుకోడానికి 0.5 ÷ 0.673, అంటే దాదాపు 0.74 సెంటీమీటరు చాలు. చుక్క నుంచి ఆ గీతకు అతి దగ్గరి దూరం స్కేలుతో కొలవండి. కాస్త అటూ ఇటూగా అదే వస్తుంది. ఆ దగ్గరి దారి గీతకు లంబంగా ఉంటుందని కూడా కళ్ళారా చూస్తారు. "గ్రేడియెంట్ లెవెల్ కర్వ్‌కు లంబం" అని బట్టీపట్టే సిద్ధాంతం ఇదే.

మీ అంకెలు నావి కావు, మీ దుంప వేరు. లెక్క మాత్రం ఇలాగే నిలబడాలి. ఎక్కువ తేడా వస్తే గీతలు అక్కడ బాగా వంపు తిరిగి ఉన్నాయని అర్థం, గీతలు కాస్త తిన్నగా ఉన్న చోట ఇంకో చుక్క పెట్టి చూడండి.

ఇప్పుడు డైరెక్షనల్ డెరివేటివ్. ఎక్స్, వై రెండిటికీ సమానంగా, 45 డిగ్రీల దిక్కున పోతే? దిక్కు (1, 1). చాలామంది 0.625 + 0.25 = 0.875 అని రాసేస్తారు. అది సాధ్యమేనా చూడండి: అన్నిటికన్నా పెద్ద వాలే 0.673 అయినప్పుడు 0.875 ఎక్కడి నుంచి వస్తుంది? దిక్కును దాని పొడవు √2తో భాగించడం మర్చిపోయారు. భాగిస్తే 0.619. డైరెక్షనల్ డెరివేటివ్ జవాబు ఎప్పుడు వచ్చినా గ్రేడియెంట్ పొడవుతో పోల్చండి. అంతకన్నా పెద్దదైతే తప్పు చేసినట్టే.

ఇంకో అపోహ: గ్రేడియెంట్ బాణం కొండ మీద పైకి చూస్తూ ఉంటుందని. కాదు. అది కాగితం మీద, అంటే బల్ల మీదే పడుకుని ఉంటుంది. "ఎటు తిరిగి నడవాలి" అని చెప్పే దిక్సూచి లాంటిది. ఎత్తు దానిలో లేదు.

ఇక్కడి దాకా వచ్చాక జియోజెబ్రా తెరవండి. జెడ్ = ఎక్స్² − వై² అని టైపు చేసి వేలితో తిప్పి చూడండి. మొదటి రోజే తెరవొద్దు అన్నది ఇందుకే: తెర మీద రంగురంగుల ఉపరితలం తిరుగుతుంటే అర్థమైందనిపిస్తుంది, పక్కకు పెట్టి గీయమంటే చేయి కదలదు. చేత్తో చేసినవాళ్ళకు అదే తెర ఎంతో సాయం చేస్తుంది.

5. టోటల్ డిఫరెన్షియల్: మిర్చి యార్డు లెక్క

గుంటూరు పిల్లలకు ఈ లెక్క ఒక్కసారి చెబితే చాలు. ఒక రైతు దగ్గర 20 క్వింటాళ్ళ మిర్చి ఉంది, ధర క్వింటా 12,000 రూపాయలు అనుకుందాం. మొత్తం 2,40,000. పది రోజులు ఆగాడు. ధర 100 పెరిగింది, సరుకు ఆరి అర క్వింటా తగ్గింది. లాభమా, నష్టమా?

డబ్బు = ధర × తూకం. ధర వల్ల మార్పు: 20 × 100 = 2,000 లాభం. తూకం వల్ల మార్పు: 12,000 × 0.5 = 6,000 నష్టం. కలిపితే 4,000 నష్టం. ఇదే టోటల్ డిఫరెన్షియల్: ఒక్కో కారణం వల్ల వచ్చే మార్పును విడిగా లెక్కకట్టి కలపడం.

సరిచూద్దాం. 12,100 × 19.5 = 2,35,950. అసలు నష్టం 4,050. మనకు 50 తేడా వచ్చింది. ఆ 50 ఎక్కడిది? 100 × 0.5. రెండు చిన్న మార్పుల గుణకారం. మార్పులు చిన్నవయ్యేకొద్దీ ఈ ముక్క ఇంకా వేగంగా చిన్నదైపోతుంది, అందుకే సూత్రంలో దాన్ని వదిలేస్తారు. వదిలేశారని తెలిసి వాడటం వేరు, తెలియక వాడటం వేరు.

చెయిన్ రూల్ కూడా ఇదే కూడిక. మే నెలలో పొద్దున 11 గంటలకు బీసెంట్ రోడ్డు నుంచి కృష్ణ ఒడ్డుకు నడుస్తున్నారు. గంట గడిస్తే ఎండ 1.5 డిగ్రీలు పెరుగుతోంది, ఏటి వైపు కిలోమీటరు పోతే 0.5 డిగ్రీ తగ్గుతోంది అనుకోండి. గంటకు 4 కిలోమీటర్ల నడక. నడక వల్ల గంటకు 0.5 × 4 = 2 తగ్గింపు, టైము వల్ల 1.5 పెంపు. మీ ఒంటికి తగిలేది గంటకు 0.5 డిగ్రీ తగ్గుదల. నిలబడిపోతే మాత్రం 1.5 పెరుగుదల. టీ అంటే ఉష్ణోగ్రత అనుకుంటే, డో టీ బై డో టైముకూ, మామూలు డీ టీ బై డీ టైముకూ తేడా అడిగితే ఈ నడక చెప్పండి.

పరీక్షలో చెయిన్ రూల్ వచ్చినప్పుడు ముందు చెట్టు బొమ్మ గీయండి: పైన ఫంక్షన్, దాని కింద అది ఆధారపడే వేరియబుల్స్, వాటి కింద అవి ఆధారపడేవి. పైనుంచి కిందికి ఎన్ని కొమ్మలుంటే అన్ని పదాలు రావాలి. రాసిన పదాలు లెక్కపెట్టుకోండి. ఒకటి తగ్గితే ఏదో కొమ్మ వదిలేశారు.

6. మాక్సిమా, మినిమా, కనుమ

శాడిల్ పాయింట్ అనగానే గుర్రం జీను బొమ్మ వేస్తారు. మనలో జీను ఎక్కినవాళ్ళు ఎంతమంది? మన భాషలో దీనికి చక్కటి మాట ఉంది, కనుమ. రెండు కొండల మధ్య నుంచి పోయే దారి. ఆ దారి మీద నడిచేవాడికి కనుమ అన్నిటికన్నా ఎత్తయిన చోటు, అక్కడి నుంచి అటూ ఇటూ దిగుడే. అదే చోట నిలబడి పక్కనున్న కొండల వైపు తిరిగితే అది అన్నిటికన్నా పల్లం, అటూ ఇటూ ఎక్కుడే. రెండు పార్షియల్స్ సున్నా అయినా అది శిఖరమూ కాదు, గుంటా కాదు.

ఎఫ్ = ఎక్స్³ + వై³ − 3 ఎక్స్ వై తీసుకోండి. పరీక్షల్లో తరచూ కనిపించే లెక్క. పార్షియల్స్ రెండూ సున్నా చేస్తే (0, 0), (1, 1) వస్తాయి. మన పుస్తకాల గుర్తుల్లో ఎక్స్‌తో రెండుసార్లు డిఫరెన్షియేట్ చేస్తే వచ్చేది ఆర్, వైతో రెండుసార్లు చేస్తే టీ, ఒక్కోదానితో ఒక్కోసారి చేస్తే ఎస్. ఇక్కడ ఆర్ = 6 ఎక్స్, టీ = 6 వై, ఎస్ = −3. (1, 1) దగ్గర ఆర్‌టీ − ఎస్² = 27, ఆర్ = 6, రెండూ పాజిటివ్, కాబట్టి మినిమమ్, విలువ −1. (0, 0) దగ్గర అదే −9, నెగెటివ్, కాబట్టి కనుమ. (ఈ ఆర్, పోలార్‌లో వచ్చే ఆర్ వేర్వేరు. ఒకే అక్షరం రెండు చోట్ల వాడటం వల్ల ఎంతమంది తికమకపడతారో నేను చూస్తూనే ఉన్నాను.)

అంతటితో ఆపొద్దు, నడిచి చూడండి. వై = ఎక్స్ దారిన పోతే ఎఫ్ = 2 ఎక్స్³ − 3 ఎక్స్², సున్నా పక్కన నెగెటివ్, అంటే దిగుడు. వై = −ఎక్స్ దారిన పోతే 3 ఎక్స్², ఎక్కుడు. కనుమే.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు: ఆర్, టీ రెండూ పాజిటివ్ అయితే మినిమమ్ అని రాసేయడం. ఎఫ్ = ఎక్స్² + 4 ఎక్స్ వై + వై² చూడండి. ఆర్ = 2, టీ = 2. ఎక్స్ దిక్కున ఎక్కుడు, వై దిక్కున ఎక్కుడు. కానీ వై = −ఎక్స్ దారిన −2 ఎక్స్², దిగుడు! తూర్పు పడమరలు, ఉత్తర దక్షిణాలు చూసి మూలలు చూడకపోవడమిది. మూలల సంగతి చెప్పేది ఎస్, అంటే మూడో మెట్టులో చూసిన మిక్స్‌డ్ పార్షియల్. ఇక్కడ ఎస్ = 4, ఆర్‌టీ − ఎస్² = −12.

లగ్రాంజ్ మల్టిప్లయర్స్‌కు కొత్త బొమ్మ అక్కర్లేదు. కొండ మీద ఒక రోడ్డు ఉంది, రోడ్డు దిగకుండా వీలైనంత ఎత్తుకు పోవాలి. రోడ్డు ఒక కాంటూరు గీతను కోసి దాటుతోందంటే ఇంకా పైకి పోవచ్చు. దాటకుండా తాకి వెనక్కి మళ్ళిన చోటే ఆ రోడ్డు మీద అత్యంత ఎత్తు. తాకుతున్నాయంటే రెండిటి లంబాలూ ఒకే గీత మీద ఉంటాయి, అందుకే ఒక గ్రేడియెంట్ రెండోదానికి లాంబ్డా రెట్లు.

7. లిమిట్స్‌ను చివరికి జరపండి

పుస్తకాల్లో ఇది మొదట ఉంటుంది. నేను తర్వాతే చెబుతాను. బొమ్మ లేకుండా ఇది గాలిలో లెక్క.

బెంజి సర్కిల్‌కు బందరు రోడ్డు మీదుగా వచ్చినా, హైవే మీదుగా వచ్చినా ఒకే చోటికి చేరాలి. లిమిట్ కూడా అంతే. (0, 0) వైపు పోతూ ఎక్స్ వై ÷ (ఎక్స్² + వై²)లో వై = ఎమ్ ఎక్స్ అనే తిన్నని దారి పెట్టండి, ఎమ్ ÷ (1 + ఎమ్²) వస్తుంది. దారి మారితే జవాబు మారుతోంది, కాబట్టి లిమిట్ లేదు.

జాగ్రత్త: తిన్నని దారులన్నీ ఒకే జవాబు ఇచ్చినంత మాత్రాన లిమిట్ ఉన్నట్టు కాదు. ఎక్స్² వై ÷ (ఎక్స్⁴ + వై²)లో ప్రతి సరళరేఖా సున్నానే ఇస్తుంది, వై = ఎక్స్² పారబోలా మీద మాత్రం 1/2. దారులతో "లేదు" అని నిరూపించొచ్చు, "ఉంది" అని కాదు.

8. డబుల్ ఇంటిగ్రల్: ముక్కలను తిరిగి కూడండి

కోసిన ముక్కలు పారేయలేదు కదా. మొదటి చెక్క గీతల లోపల ఎన్ని గళ్ళున్నాయో లెక్కపెట్టి ఒక్కో గీత విస్తీర్ణం రాయండి. సగం గళ్ళు రెండు కలిపి ఒకటి. అన్నీ కూడి 0.5తో గుణిస్తే దుంప చెక్క ఘనపరిమాణం. మీరు కింది ముఖాలే గీశారు కాబట్టి కాస్త ఎక్కువ వస్తుంది. 0 గీతను వదిలేసి మిగతావి కూడితే తక్కువ వస్తుంది. అసలు విలువ ఈ రెండిటి మధ్య ఉంటుంది.

తర్వాత రెండో చెక్క నిలువు ముక్కలతో కూడా అదే చేయండి: విస్తీర్ణం × మందం, కూడిక. ఇదే డబుల్ ఇంటిగ్రల్. ముక్క విస్తీర్ణం లోపలి ఇంటిగ్రల్, ముక్కలను కూడటం బయటి ఇంటిగ్రల్. నిలువు ముక్కలను పొడుగునా కోసినా అడ్డంగా కోసినా దుంప ఒకటే, అందుకే ఆర్డర్ మార్చినా జవాబు మారదు.

సరిచూడటానికి ఆ చెక్క ముక్కలన్నీ తూకం వేయించండి. బంగాళాదుంప నీళ్ళకన్నా కాస్త బరువు. కాబట్టి గ్రాముల అంకె మీ ఘన సెంటీమీటర్ల అంకెకన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. సగమో, రెట్టింపో వస్తే మందం కొలవడంలో తప్పు జరిగింది.

ఆర్డర్ మార్చే లెక్కల్లో తొంభై పాళ్ళు బొమ్మ గీయకపోవడం వల్లే పోతాయి. 'ఈ' పవర్ వై² ను ('ఈ' అంటే 2.718 దగ్గరుండే సంఖ్య), వై ఎక్స్ నుంచి 1 దాకా, ఎక్స్ 0 నుంచి 1 దాకా ఇంటిగ్రేట్ చేయమన్నారనుకోండి. అలాగే మొదలుపెడితే ముందుకు పోదు. త్రిభుజం గీసి, ముక్కలను అడ్డంగా తిప్పండి: ఎక్స్ 0 నుంచి వై దాకా, వై 0 నుంచి 1 దాకా. జవాబు (ఈ − 1) ÷ 2, సుమారు 0.859. బయటి ఇంటిగ్రల్ హద్దుల్లో అంకెలే ఉండాలి. అక్కడ ఎక్స్ గానీ వై గానీ మిగిలితే హద్దులు తప్పు.

జవాబు నమ్మొచ్చా? త్రిభుజం విస్తీర్ణం 0.5. ఫంక్షన్ అక్కడ 1కీ 2.718కీ మధ్య ఉంటుంది. కాబట్టి జవాబు 0.5కీ 1.36కీ మధ్య ఉండి తీరాలి. 0.859 ఉంది. అర నిమిషం పట్టే ఈ పని పరీక్షలో ఎన్నో మార్కులు కాపాడుతుంది.

చివరగా పోలార్‌లో డీఆర్ డీతీటా ముందు వచ్చే ఆర్. దీన్ని మర్చిపోయేవాళ్ళు చాలామంది. 15 సెంటీమీటర్ల రేడియస్ ఉన్న దోసె పెనం మీద ఉందనుకోండి. మధ్య నుంచి అంచుకు గీతలు, వాటి మీదుగా సమాన దూరంలో వలయాలు గీయండి. మధ్యలో ముక్కలు వేలి గోరంత ఉంటాయి, అంచున అదే కోణం, అదే మందం ఉన్న ముక్క అరచేతిలో సగం ఉంటుంది. ఎంత దూరం పోతే అంత వెడల్పు, ఆ వెడల్పును లెక్కలోకి తెచ్చేదే ఆర్. వేరే కోఆర్డినేట్స్‌కు మారినప్పుడు ఇదే పని చేసేదాన్ని జేకోబియన్ అంటారు.

ఆర్ లేకుండా దోసె విస్తీర్ణం కట్టండి: 2 × పై × 15, అంటే 94.2. ఆర్‌తో కట్టండి: పై × 225, అంటే 706.9. మొదటిదాని యూనిట్లు చూడండి. సెంటీమీటర్లు వచ్చాయి, చదరపు సెంటీమీటర్లు కావు. అది దోసె విస్తీర్ణం కాదు, దాని అంచు చుట్టుకొలత.